కారు గాల్లోకి లేవక ముందే

దసరా సెలవులకి మా అక్క కొడుకు హాస్టల్ నుంచి విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. పొద్దున్నే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్ళు లేని రోజులు వాడికి ఏడాదిలో ఎన్నో ఉండవు. అందుకని అటక మీద ఉన్న నా పాత గేమ్ కన్సోల్ దించాను. ఇరవై ఏళ్ళ నాటిది. నా డిగ్రీ రోజుల్లో బీసెంట్ రోడ్డు దగ్గర ఒక గేమ్ పార్లర్ మూసేస్తుంటే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దాంతోపాటు వచ్చిన స్టంట్ డ్రైవింగ్ గేమ్ డిస్కు, గీతలు పడినా, ఇంకా తిరుగుతోంది.

ఆ గేమ్‌లో ఒకచోట కాలవ దాటాలి. మన ఏలూరు కాలవ లాంటిదే అనుకోండి. ఇవతలి గట్టున ర్యాంప్, అవతలి గట్టున ఖాళీ స్థలం. దిగగానే హ్యాండ్‌బ్రేక్ వేసి కారుని వెనక్కి తిప్పి రెండు లారీల మధ్య సందులోకి దూర్చాలి. మావాడు సాయంత్రం కూర్చున్నవాడు అన్నానికి పిలిచేదాకా లేవలేదు. అన్నిసార్లలో రెండే రెండుసార్లు అవతల దిగాడు. మిగతా అన్నిసార్లూ కారు ముక్కు గట్టుకి గుచ్చుకోవడమో, పక్కకి దొర్లడమో, గట్టుకి కాస్త ముందే నీళ్ళలో పడడమో జరిగింది.

"మామయ్యా, నేను ప్రతిసారీ ఒకేలా వెళ్తున్నా. ఒకసారి దిగుతోంది, పదిసార్లు పడుతోంది. గేమే మోసం చేస్తోంది" అన్నాడు.

స్టంట్ గేములు ఆడేవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఈ మాట అంటారు. నేనూ అన్నాను. దాని వెనక మంచి ప్రశ్న ఉంది. ర్యాంప్ అదే, కారు అదే, ఆడే మనిషీ అదే, మరి ఫలితం ఎందుకు మారుతోంది? జవాబు ఒక్కచోట దొరకదు. కొంత కారులో ఉంది, కొంత కన్సోల్ లెక్క చేసే పద్ధతిలో ఉంది, కొంత టీవీలో, కొంత మన చేతిలోని కంట్రోలర్‌లో ఉంది. మిగిలిన సెలవుల్లో చాలా భాగం మేమిద్దరం ఈ చిక్కు విడదీయడానికే పెట్టాం.

మొదట దూరం సంగతి చూశాం. విసిరిన వస్తువు ఎంత దూరంలో పడుతుందో చెప్పే సూత్రం మావాడికి కంఠతా వచ్చు. ఆర్ ఈక్వల్ టు యు స్క్వేర్ సైన్ టూ తీటా బై జి (ఆర్ దూరం, యు బయల్దేరే వేగం, తీటా వాలు, జి భూమి లాగే త్వరణం). నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కాలేజీలో అది రాళ్ళకీ ఫిరంగి గుండ్లకీ వాడిందే తప్ప, చేతిలో ఉన్న కారుకి వర్తిస్తుందని తట్టలేదు. కాగితం తెచ్చి లెక్క వేశాం. ర్యాంప్ వాలు 15 డిగ్రీలు అనుకున్నాం. గంటకి 100 కిలోమీటర్లు, అంటే సెకనుకి 27.8 మీటర్ల వేగంతో అంచు దాటిన కారు, గాలి అడ్డుని పక్కన పెడితే, అదే ఎత్తులో ఉన్న నేల మీద సుమారు 39 మీటర్ల అవతల దిగుతుంది. 90 కిలోమీటర్లతో వెళ్తే 32 మీటర్లు కూడా రావు. వేగం తగ్గింది పదో వంతు, దూరం తగ్గింది దాదాపు ఐదో వంతు. సూత్రంలో యు మీద ఉన్న ఆ స్క్వేర్ చేసే పని ఇదే. స్పీడోమీటర్‌లో ముల్లు కాస్త ఇటుగా ఉందంటే మనం "ఒకేలా వెళ్ళాను" అనుకుంటాం. కాలవ దగ్గర అది ఏడు మీటర్ల తేడా.

అదే లెక్కలో ఇంకో రెండు విషయాలు బయటపడతాయి. కారు గాల్లో ఉండేది ఒకటిన్నర సెకనే. నేలని తాకేటప్పుడు కిందికి ఉండే వేగం సెకనుకి 7 మీటర్లు దాటుతుంది. ఇది రెండున్నర మీటర్లకి పైగా ఎత్తు నుంచి కారుని వదిలేసినట్టు. నిజం స్టంట్లలో దిగే చోట వాలు కడతారు, అట్టపెట్టెలు పేరుస్తారు. అయినా ఒక్క దూకుతో కారు పనికిరాకుండా పోవడం మామూలే. గేమ్‌లో కారు దిగి, రెండుసార్లు ఊగి, అలాగే పరుగు తీస్తుంది. గేమ్ చేసినవాళ్ళు మనకిచ్చిన పెద్ద సాయం అది.

ఇక ముక్కు గుచ్చుకోవడం. ఇది అర్థం కావాలంటే పటమట సందుల్లో స్కూటర్ నడిపితే చాలు. స్పీడ్ బ్రేకర్ వస్తోందంటే ముందే బ్రేకు పట్టి, దాని మీదకి ఎక్కేటప్పటికి వదిలేయాలని నడపడం నేర్పేవాళ్ళు చెప్తారు. బ్రేకు పట్టుకునే ఎక్కితే బరువంతా ముందుకి వచ్చి, ముందు ఫోర్కు నొక్కుకుపోయి, బండి తల వంచుతుంది. కారులోనూ అంతే. ర్యాంప్ మీద కాలు తీసినా, బ్రేకు తాకినా ముందు స్ప్రింగులు కుంగుతాయి, కారు తల దించుకునే గాల్లోకి వెళ్తుంది.

ఆ పొరపాటు చేయకపోయినా ఇంకో చిక్కు ఉంది. ముందు చక్రాలు అంచు దాటిపోయాక కూడా వెనక చక్రాలు ర్యాంప్ మీదే ఉంటాయి. ఆ కాసేపు ముందు భాగాన్ని మోసేది ఏదీ లేదు, వెనక భాగాన్ని మాత్రం ర్యాంప్ పైకి నెడుతూనే ఉంటుంది. దాంతో ముక్కు కిందికి తిరగడం మొదలవుతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య రెండున్నర మీటర్లు ఉంటే, 100 వేగంలో ఆ కాసేపు అంటే సెకనులో పదో వంతు కూడా కాదు. 50 వేగంలో దానికి రెట్టింపు. అందుకే భయపడి నెమ్మదిగా వెళ్ళిన కారు దూరం తక్కువ పడడమే కాదు, ముక్కు మీద కూడా పడుతుంది. ఒకసారి గాల్లోకి వెళ్ళాక ఆ తిరగడాన్ని ఆపడానికి నేల సాయం ఉండదు.

మరి గాల్లో మనం నొక్కే మీటలు ఏమీ చేయవా అంటే, కొంచెం చేస్తాయి. నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే. చక్రాలు వేగంగా తిరుగుతున్నప్పుడు వాటిలో తిరుగుడు నిల్వ ఉంటుంది. ఫిజిక్స్ పుస్తకం దాన్ని కోణీయ ద్రవ్యవేగం అంటుంది. గాల్లో బ్రేకు నొక్కితే చక్రాలు ఆగిపోతాయి, ఆ తిరుగుడు కారు ఒంటికి ఎక్కుతుంది, ముక్కు దిగుతుంది. ఎక్సిలరేటర్ నొక్కితే చక్రాలు ఇంకా జోరుగా తిరిగి కారు ఒళ్ళు దానికి ఎదురు తిరుగుతుంది, ముక్కు లేస్తుంది. మోటోక్రాస్ బైకుల మీద ఎగిరేవాళ్ళు ఈ కిటుకుని నిజంగానే వాడతారు. బైకులో చక్రాలు మొత్తం బరువులో పెద్ద భాగం కాబట్టి బాగా పనిచేస్తుంది. కారులో ఆ పాలు తక్కువ. ఒక మామూలు కారుకి నేను లెక్క వేసి చూస్తే, 100 వేగంలో నాలుగు చక్రాలూ ఒక్కసారి ఆగితే ముక్కు సెకనుకి పది డిగ్రీల చొప్పున దిగుతుంది. ఒకటిన్నర సెకనులో పదిహేను డిగ్రీలు. నిలువుగా పడుతున్న కారుని కాపాడడానికి అది సరిపోదు, సరిగ్గా దిగబోయే కారుని పాడు చేయడానికి మాత్రం సరిపోతుంది. మావాడు కారు గాల్లోకి లేవగానే భయంతో బ్రేకు నొక్కేవాడు. ఆ అలవాటు మానడానికి ఒక పూట పట్టింది.

పక్కకి దొర్లడానికీ కారణం అంచు దగ్గరే ఉంది. ర్యాంప్ మీదికి ఏటవాలుగా వస్తే ఒక ముందు చక్రం అంచుని ముందు దాటుతుంది, రెండోది తర్వాత దాటుతుంది. ఆ తేడా కారుకి పక్కకి తిరిగే గుణం ఇస్తుంది. దీన్నే కావాలని చేస్తే గొప్ప స్టంట్ అవుతుంది. 1974లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ఒకదానిలో ఏఎంసీ హార్నెట్ కారు విరిగిన వంతెన మీద నుంచి నది దాటుతూ గాల్లో పూర్తిగా ఒక చుట్టు తిరిగి చక్రాల మీద దిగుతుంది. ర్యాంప్‌ని మెలిపెట్టి కట్టడం వల్ల అది సాధ్యమైంది. ఎంత మెలి ఉండాలి, ఎంత వేగంతో రావాలి అన్నది అమెరికాలోని ఒక ప్రయోగశాల కంప్యూటర్ మీద ముందే లెక్కగట్టింది. అసలు ఆ ప్రోగ్రామ్ రోడ్డు ప్రమాదాల్లో వాహనాలు ఎలా కదులుతాయో తెలుసుకోవడానికి తయారైంది. వేగం గంటకి 64 కిలోమీటర్ల దగ్గర నిలిపి, ఒకే టేక్‌లో చేశారు. ఇళ్ళలోకి గేమ్ కన్సోళ్ళు అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజుల్లో, గాల్లో ఎగిరే కారుని కంప్యూటర్ ముందే ఊహించింది. మన గేమ్ లోపల జరిగేది ఆ పనికి బంధువే.

బంధువే గానీ అంత నిక్కచ్చి కాదు. గేమ్ చేసేవాళ్ళకి కారు నిజంగా ఉండడం కంటే ఆడడానికి బాగుండడం ముఖ్యం. కారు బరువు కేంద్రాన్ని ఉండాల్సిన దానికంటే కిందికి దింపుతారు, తొందరగా దొర్లకుండా. గాల్లో కూడా స్టిక్‌తో కారుని కాస్త తిప్పుకునే వీలు కొన్ని గేముల్లో ఇస్తారు. 2015లో వచ్చిన రాకెట్ లీగ్ ఆ వీలు మీదే నిలబడింది, అక్కడ కార్లు గాల్లో బంతాట ఆడతాయి. చక్రాల సంగతి ఇంకా ఆశ్చర్యం. మనకి గుండ్రంగా కనిపించే చక్రం చాలా గేముల లెక్కలో గుండ్రటి వస్తువు కాదు. కారు అడుగు నుంచి కిందికి దింపిన ఒక కనిపించని గీత. ఆ గీత నేలని ఎంత దూరంలో తాకుతోందో చూసి, స్ప్రింగ్ ఎంత నొక్కుకుంటుందో లెక్కేసి, గేమ్ కారుని అంత బలంతో పైకి నెడుతుంది. ఆ గీత ర్యాంప్ పక్క అంచు మీద పడిందా, ఒక క్షణం నేల లేదంటుంది, మరుక్షణం ఉందంటుంది. కారు ఎవరో తన్నినట్టు ఎగురుతుంది. అందుకే ర్యాంప్‌కి సరిగ్గా నడిమధ్యన వెళ్ళడం మంచిది.

ఇంతవరకూ తెలిశాక మావాడు అడిగింది సరైన ప్రశ్న. "ఇవన్నీ నాకిప్పుడు తెలుసు కదా మామయ్యా. అయినా తిన్నగా ఎందుకు వెళ్ళలేకపోతున్నా?"

వాడు ఆడుతుంటే వెనక నుంచి చూశాను. ర్యాంప్‌కి ముందు కారు పాము నడక నడుస్తోంది. కుడికి జరిగిందని ఎడమకి తిప్పుతాడు, అది ఎక్కువైపోతుంది, మళ్ళీ కుడికి. చూసేదానికీ చేసేదానికీ మధ్య ఆలస్యం ఉన్నప్పుడు ఇలాగే అవుతుంది. ఆలస్యం ఎక్కడుందో చూద్దామని ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, కంట్రోలర్ మీద బొటనవేలూ టీవీ తెరా రెండూ పడేలా తీశాను. సెకనుకి 240 ఫ్రేముల వీడియో. వేలు మీటని నొక్కిన ఫ్రేమ్ నుంచి తెర మీద కారు చలించిన ఫ్రేమ్ వరకూ లెక్కపెడితే 34 వచ్చాయి. తర్వాత అమ్మ గదిలోని పాత డబ్బా టీవీకి అదే కన్సోల్ తగిలించి తీస్తే 17.

తేడా ఎందుకంటే, మన దేశంలో టీవీలన్నీ పాల్ (PAL) అనే పాత ప్రసార పద్ధతిలో నడిచిన కాలం నాటి కన్సోల్ అది. ఎరుపు, తెలుపు వైర్లలో శబ్దాన్ని, పసుపు వైరులో బొమ్మని పంపుతుంది. బొమ్మని సెకనుకి 50 సార్లు పంపుతుంది గానీ ప్రతిసారీ సగమే, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. డబ్బా టీవీ వచ్చింది వచ్చినట్టు గీస్తుంది. కొత్త ఎల్‌ఈడీ టీవీ ఆ సగాల్ని కలిపి, తన పెద్ద తెరకి సరిపడా సాగదీసి, రంగులు దిద్ది అప్పుడు చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు ఆ ఆలస్యం మనకి తెలియదు, ఆటలోనే తగులుతుంది. రెండు టీవీల మధ్య తేడా 17 ఫ్రేములు, అంటే సెకనులో వందకి ఏడు వంతులు. 100 వేగంలో అది రెండు మీటర్లు. తెర మీద కనిపిస్తున్న కారు లెక్కలో అప్పటికే రెండు మీటర్లు అదనంగా ముందుకెళ్ళిపోయింది. దాని మీద మనిషి స్పందించడానికి పట్టే సమయం సెకనులో ఐదో వంతు ఉండనే ఉంది. కొత్త కన్సోళ్ళు ఆడేవాళ్ళు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకుంటే ఈ అదనపు ఆలస్యం చాలావరకు పోతుంది. ఇంట్లో కన్సోల్ ఉండీ ఆ మోడ్ ఎప్పుడూ చూడనివాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం చదివి ఒక్క పని చేసేట్టయితే అది చేయండి.

డబ్బా టీవీ హాల్లోకి వచ్చింది. పాము నడక పోయింది. ముక్కు గుచ్చుకోవడమూ, దొర్లడమూ తగ్గాయి. కానీ కారు ఇప్పుడు తిన్నగా, అందంగా ఎగిరి, నీళ్ళలోనే పడుతోంది.

అప్పుడు వాడి అసలు ఫిర్యాదుకి వచ్చాం. గేమ్ మోసం చేస్తోందా? దీన్ని తేల్చే పద్ధతి ఒకటుంది. ట్రాక్‌మేనియా అని 2003లో మొదలైన ఒక స్టంట్ రేసింగ్ గేముల వరుస ఉంది. అందులో మన పరుగుని దాచుకుంటే దాచేది వీడియోని కాదు, ఏ క్షణంలో ఏ మీట నొక్కామన్న చిట్టాని. ఆ చిట్టాని మళ్ళీ నడిపిస్తే కారు అంగుళం తేడా లేకుండా అదే దారిలో వెళ్తుంది. నొక్కుళ్ళు ఒకటే అయితే ఫలితమూ ఒకటే. 2021లో కొందరు ఆటగాళ్ళు ఆ చిట్టాలని పరిశీలించి, కొన్ని పెద్ద రికార్డుల్లో స్టీరింగ్ కదలికలు మనిషి వేళ్ళకి సాధ్యం కానంత చురుగ్గా ఉన్నాయని, గేమ్‌ని నెమ్మదిగా నడిపించుకుని ఆడారని బయటపెట్టారు. గేమ్ లెక్క తప్పదు కాబట్టే ఆ మోసం దొరికింది.

మా గేమ్‌లోనూ అదే చూశాం. మొదలుపెట్టే చోటు నుంచి ర్యాంప్ వరకూ రోడ్డు తిన్నగా ఉంది. స్టీరింగ్ ముట్టుకోకుండా ఎక్సిలరేటర్ మీట మాత్రం నొక్కి పట్టుకోమన్నాను. ఐదుసార్లు చేశాడు. ఐదుసార్లూ అంచు దగ్గర వేగం 91 దగ్గరే, ఐదుసార్లూ కారు దాదాపు ఒకే చోట నీళ్ళలోకి. ఆరోసారి విసుగొచ్చి మీటని బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాడు. 98 వచ్చింది. కారు అవతలి గట్టున దిగింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆ కాలపు కొన్ని కంట్రోలర్లలో మీట నొక్కామా లేదా అన్నది మాత్రమే కాదు, ఎంత బలంగా నొక్కామో కూడా కొలుస్తారు. మీట కింద రబ్బరు బొడిపె, దాని కింద కరెంటు పారే పల్చటి ఫిల్మ్. గట్టిగా నొక్కితే రబ్బరు ఎక్కువ మేర ఆనుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది. కన్సోల్ దాన్ని 0 నుంచి 255 వరకు ఒక అంకెగా చదువుతుంది. ఇరవై ఏళ్ళలో రబ్బరు అరిగి, ఫిల్మ్ మీద మురికి పట్టి, మామూలుగా నొక్కితే ఆ అంకె పైదాకా వెళ్ళడం లేదు. కారుకి అందుతున్నది పూర్తి ఎక్సిలరేటర్ కాదు. 91కీ 98కీ మధ్య దూరం మా 15 డిగ్రీల లెక్క ప్రకారం ఐదు మీటర్లు. మొదటి రోజు వాడు దిగిన ఆ రెండుసార్లూ బహుశా కోపం మీద ఉన్నాడు. ఒకేలా వెళ్తున్నానని వాడు అన్నది వాడికి తెలిసినంతవరకు నిజమే. తేడా వేలి కింద ఉంది, అది కళ్ళకి కనపడదు.

గవర్నర్‌పేటలో ఒక రిపేరు షాపాయన కంట్రోలర్ విప్పి, ఆల్కహాల్‌తో ఫిల్మ్ తుడిచి, రబ్బరు మార్చి ఇచ్చాడు. ఆ సాయంత్రం వరసగా కాలవ దాటడం మొదలైంది. ఇక మిగిలింది లారీల మధ్య సందు.

హ్యాండ్‌బ్రేక్ తిప్పుడు గురించి కొద్దిగా చెప్తాను. టైరుకి నేల మీద ఉన్న పట్టు నెల జీతం లాంటిది. అద్దెకి పోగా మిగిలిందే సరుకులకి. ముందుకి లాగడానికీ, ఆపడానికీ, పక్కకి జారకుండా పట్టుకోవడానికీ ఆ ఒక్క జీతమే. హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలని బిగించేస్తే ఆపడానికే అంతా ఖర్చయిపోయి, పక్కకి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ముందు చక్రాలకి పట్టు ఉంది, వెనక వాటికి లేదు, అందుకని వెనక భాగం చీపురు ఊడ్చినట్టు చుట్టూ తిరుగుతుంది. తిరుగుడు పూర్తయ్యే ముందే బ్రేకు వదిలేయాలి, లేకపోతే ఆగకుండా ఇంకా తిరిగిపోతుంది. 1999లో ప్లేస్టేషన్ మీద వచ్చిన డ్రైవర్ అనే గేమ్ మొదట్లోనే ఒక అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో నిలబెట్టి, ఇలాంటి విన్యాసాలన్నీ నిమిషంలోపు చేసి చూపించమంటుంది. చేయలేకపోతే కథే మొదలవదు. దాన్ని తయారుచేసిన రిఫ్లెక్షన్స్ వాళ్ళే 2002లో స్టంట్‌మ్యాన్ చేశారు. అక్కడ సినిమా డైరెక్టర్ చెవిలో అరుస్తుంటాడు, ఒక్క మలుపు తప్పితే సీన్ మొదటి నుంచి. కష్టమైన గేములని జనం వాటిని తిట్టుకున్నారు. నాకు మాత్రం అవి ఆడేవాడిని గౌరవించిన గేములని అనిపిస్తుంది. ఏ క్షణంలో ఏం చేయాలో అవి దాచలేదు, అంతే కచ్చితంగా చేయమని అడిగాయి.

సెలవులు అయిపోయే ముందురోజు రాత్రి మావాడు ఆ సందులోకి కారు దూర్చాడు. పొద్దున బస్సెక్కించి వచ్చాక టీవీ కింద సొరుగులో లెక్కలు వేసిన కాగితం దొరికింది. వెనక వైపు ఆఖరి రోజు దూకులన్నిటికీ అంచు దగ్గర వేగం రాసుకున్నాడు. 97, 98, 98, 91, 97, 98. 91 పక్కన "ఇక్కడ మధ్యలో వేలు తీశాను, నా తప్పే" అని రాసి ఉంది.